అనుభావం, ఆటిజం, రంగస్థలం

ఆటిజం గల వయోజనులకు నాటకాభ్యాసం ద్వారా సామాజిక నైపుణ్యాలు అలవరచే ప్రయత్నాలను పరిశీలించేటప్పుడు అనుభావ భావన దగ్గర ఆగవలసి వస్తుంది. లోపలి భావాన్ని చూపు, స్వరం, అంగవిన్యాసం తెలియజేస్తాయన్నది నాట్యశాస్త్ర దృష్టి. ఆటిజం గలవారిలో ఈ లంకె వేరుగా ఉండవచ్చు. చూపు మరల్చుకొని వినడమే కొందరికి శ్రద్ధగా వినే పద్ధతి.

నిత్యజీవితంలో ఎవరూ విడమరచి చెప్పని నియమాలు నాటకప్రతిలో రాతపూర్వకంగా ఉంటాయి: ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు నిష్క్రమించాలి. తప్పితే మళ్లీ చేయవచ్చు. ఉద్యోగ ఇంటర్వ్యూలో ఆ వెసులుబాటు ఉండదు. రంగస్థలం ఇందుకు అనుకూలించడం సహజమే. అయితే 'మామూలు మనిషిలా' కనిపించడమే ఫలితానికి కొలమానమైతే అక్కడ నేర్పుతున్నది వేషధారణ. నటుడు ప్రదర్శన ముగియగానే వేషం తీస్తాడు; వీరు దానిని రోజంతా మోయాలి. ఆ అలసటను ఆటిజం గలవారే తమ రచనల్లో నమోదు చేశారు.

అపార్థం ఇరువైపులా ఉందని 2012లో 'ద్వంద్వ సహానుభూతి సమస్య'ను ప్రతిపాదించిన డేమియన్ మిల్టన్ స్వయంగా ఆటిజం గల పరిశోధకుడు. ఆ ప్రతిపాదనను అంగీకరిస్తే సాధన ప్రేక్షకునికీ అవసరమవుతుంది. కావ్యానుశీలన చేత మనస్సు అద్దంలా నిర్మలమైనవారినే అభినవగుప్తుడు సహృదయులన్నాడు. ఈ శిక్షణలపై జరిగే చర్చలో సహృదయుని అభ్యాసానికి దక్కిన చోటు స్వల్పం.

ఆటిజం గల నటుడు మికీ రో 2017లో అమెరికాలోని ఇండియానా రెపర్టరీ థియేటర్‌లో 'ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్-టైమ్' నాటకంలో ప్రధానపాత్ర క్రిస్టఫర్‌ను పోషించాడు. అంతకుముందు ఆ పాత్రను ఎక్కువగా ఆటిజం లేని నటులే అనుకరించారు.