మంచి ఎస్సై కథ

ఈ మధ్య ఒక కథల పోటీకి వచ్చిన రచనలను పరిశీలించే పని నాకు అప్పగించారు. వాటిలో ఏజెన్సీ జీవితం వస్తువుగా వచ్చిన కథ ఒకటి ఉంది. కొత్తగా వచ్చిన ఎస్సై గూడెంలో దుప్పట్లు పంచుతాడు, యువకులకు వాలీబాల్ పోటీలు పెడతాడు, వైద్య శిబిరం నడిపిస్తాడు. గూడెం పెద్ద కన్నీళ్లతో చేతులు జోడిస్తాడు. అంతటితో కథ ముగుస్తుంది. మొదట దానికి ఎక్కువ మార్కులే వేశాను. రెండోసారి చదివినప్పుడు గాని, కథ మొత్తంలో గూడెం మనిషి ఒక్క మాటైనా మాట్లాడలేదని గమనించలేదు. మార్కులు తగ్గించాను. ఎందుకో చెప్పవలసిన బాధ్యత నాకుంది.

పోలీసులకూ ఆదివాసులకూ సఖ్యత కుదరాలని రచయిత కోరుకోవడం తప్పు కాదు. వడ్డీ వ్యాపారి మోసం చేస్తే ఆదివాసి అయినా ఠాణా గడపే ఎక్కాలి. అయితే ఈ కథ సఖ్యతను దానంగా చిత్రించింది. అక్కడే దృక్పథం దెబ్బతిన్నది.

ఆదివాసులను అర్థం చేసుకుంటే చాలునన్న వాదం మరొకటి ఉంది. మహాశ్వేతాదేవి ‘ద్రౌపది’ కథ దీనికి సమాధానం. 1978లో వెలువడిన ‘అగ్నిగర్భ’ సంపుటిలో అది ఉంది. అందులోని అధికారి సేనానాయక్ సంతాలుల గురించి ఎంతో చదివినవాడు. వాళ్ల నినాదం ఒకటి అంతుపట్టక కలకత్తా నుంచి నిపుణులను రప్పిస్తారు. నిఘంటువులు తిరగేసినా ఫలితం ఉండదు. చివరకు శిబిరంలో నీళ్లు మోసే చమ్రూ దాని అర్థం చెబుతాడు. ఆ తెలివిడి అంతా వేటకే ఉపయోగపడింది. నిర్బంధంలో అత్యాచారానికి గురైన దోప్ది బట్ట కట్టుకోనని ఎదుట నిలిచినప్పుడు సేనానాయక్ మొదటిసారి భయపడతాడు.

బెంగాలు కథ కదా అని పక్కన పెట్టలేం. 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 11 మంది కోందు స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం 13 మంది నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. అదే తీర్పులో దర్యాప్తు లోపాలను తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం చెల్లించమన్నది. తోటి పోలీసు మీద వచ్చిన ఫిర్యాదును నిజాయితీగా విచారించలేని చోట దుప్పట్ల పంపిణీకి అర్థమేమిటి?

నేను బడిపంతులుని. కొన్నేళ్లు ఏజెన్సీలో పనిచేశాను. ఇంట్లో కువి మాట్లాడే పిల్లవాడు నా తెలుగు ప్రశ్నకు తల ఊపితే, పాఠం వచ్చిందని రాసుకున్న రోజులు నాకూ ఉన్నాయి. అది భయంతో ఊపిన తల అని తెలియడానికి చాలాకాలం పట్టింది. ఠాణాలో తనకు రాని భాషలో రాసిన కాగితం మీద వేలిముద్ర వేసే మనిషి కూడా అలాగే తల ఊపుతాడు.

మంచి ఎస్సై ఉండడా? ఉంటాడు. అతని గురించి రాయవలసిందే. గూడెం స్త్రీ ఫిర్యాదును ఆమె భాషలో విని, రాసింది ఆమెకు చదివి వినిపించి, పైవాళ్లు కాదన్నా కేసు కట్టిన రోజున అతనికి ఏం జరిగిందో రాయాలి. అప్పుడు కథలో సంఘర్షణ పుడుతుంది. గూడెం పెద్ద చేతులు జోడించనక్కరలేదు. అతనికి చెప్పవలసిన మాటలు చాలా ఉంటాయి.