సూది బేరింగు, ఓపికగల చెయ్యి

అనకాపల్లి నుంచి పాడేరు వైపు కొండదారులెక్కి, వాగులు దాటి వచ్చే డర్ట్ బైకుల్లో వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ సూది బేరింగుల్లో నీరు, మట్టి చేరతాయి. మంచి మెకానిక్ వెంటనే స్పానర్ పట్టడు. బండిని స్టాండు మీదికెత్తి వెనక చక్రాన్ని పక్కలకు ఊపుతాడు. ఆడుతున్నది చక్రమా, స్వింగ్ ఆర్మ్ తిరిగే పివటా అన్నది చేతికే తెలిసిపోతుంది. తుప్పుపట్టిన పివట్ బోల్టుకు నూనె పట్టించి ఆగుతాడు. పాత బేరింగును సుత్తితో బాదడు. పొడవాటి బోల్టు, సాకెట్ పెట్టి మెల్లగా లాగుతాడు. కొత్తదాన్ని ఫ్రిజ్‌లో పెడితే కాస్త కుదించుకుంటుంది, అది కూర్చునే గూడును వేడిచేస్తే సాగుతుంది. అప్పుడు వంకరపోకుండా దిగుతుంది. ఇక సన్నని రోలర్ల మధ్య వేలితో గ్రీజు కూరడం చూడాలి, ఒక్క సందూ వదలడు! ఎంత శ్రద్ధ! బిగించాక ఇదేదీ పైకి కనబడదు. ఆ పనికిచ్చే కూలి దగ్గర మాత్రం బేరమాడకండి.