కొత్త ముఖం ఎవరి కోసం?

పత్రికల వెబ్‌సైట్ల రూపం మార్చేటప్పుడు ఈ మధ్య రెండు మాటలు తప్పకుండా వినబడుతున్నాయి. ఒకటి 'పాఠకుల అనుభవం', రెండోది 'కథనం'. వినడానికి బాగానే ఉంటాయి. ఏ పాఠకులు, ఎవరి కథని ఎవరు చెప్తున్నారు అని అడిగితే మాత్రం జవాబు రాదు. తెల్లటి జాగా, పెద్ద ఫొటో, కదిలే అక్షరాలు ఇవన్నీ పెద్ద తెరా, ఆగని నెట్టూ ఉన్నవాణ్ణి మనసులో పెట్టుకుని గీసినవే. వాడలో ఒకే ఫోను నలుగురి చేతులు మారే ఇంట్లో ఆ ఫొటో తెరుచుకునేలోపు డేటా అయిపోతుంది. అదీ పాఠకుల అనుభవమే గదా!

ఇది కేవలం సాంకేతిక విషయం అనుకోవడానికి మేం ఒప్పుకోం. చుండూరు సంగతే చూడండి. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్లో అగ్రకులాలవాళ్లు ఎనిమిది మంది దళితుల్ని చంపారు. పోరాడగా పోరాడగా ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే కూర్చుంది. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కారంచేడుదీ ఇదే దారి. 1985లో హత్యలు జరిగితే సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. ఇప్పుడు ఏ పత్రిక సైటైనా తెరవండి. కొత్తది పైకి, పాతది అడుక్కి. 2014 తీర్పు మీద వ్యాసం చదివే విద్యార్థికి 1991 నాటి నిజనిర్ధారణ నివేదిక పక్కన కనపడదు. వాడికి అది ఒకనాటి వార్త, అంతే. ఇరవై మూడేళ్ల కేసుని ఇరవై మూడు ముక్కలు చేసి, ముక్కకో తేదీ వేసి పాతిపెట్టడం 'తాజా' అనే వరస చేసే పని. ఈ వరసని ఏ అగ్రకుల సంపాదకుడూ కూర్చుని కుట్రపన్ని పెట్టక్కర్లేదు. సరుకు అమ్మే పద్ధతిలోంచి అదే వచ్చింది. మనమూ ప్రశ్నించకుండా ఎత్తుకొచ్చుకున్నాం.

ఇక 'కథనం'. నల్లటి తెర మీద ముందు శవం ఫొటో, కిందికి జరిపితే ఏడుస్తున్న తల్లి, ఇంకా జరిపితే ఒక అంకె. చదివినవాడి గుండె తరుక్కుపోతుంది, సరే. భూమి ఎవరిది, కూలి ఎంత, ఎఫ్.ఐ.ఆర్.లో ఏ సెక్షను రాశారు అనేవి ఆ జారుడులో ఎక్కడా పట్టవు. బాధని మన దగ్గర తీసుకుని, విశ్లేషణ వాళ్ల దగ్గర పెట్టుకునే పాత అలవాటు ఇది.

మెచ్చుకుంటూ చెప్పినా కథ చెప్పేవాడి చేతిలోనే కత్తెర ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో మొదలైన 'ఖబర్ లహరియా'లో పనిచేసేవాళ్లు ఎక్కువగా దళిత, ఆదివాసీ, ముస్లిం, బహుజన ఆడవాళ్లు. బుందేలీలో రాశారు, ఊరూరా తిరిగి వాళ్లే అమ్మారు. తర్వాత అచ్చు వదిలి ఫోను వీడియోలోకి వచ్చారు. వాళ్లకది కొత్త ముఖం కాదు, పాఠకులు ఎక్కడుంటే అక్కడికి నడవడం. వాళ్ల మీద తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' 2022లో ఆస్కార్ పోటీదాకా వెళ్లినప్పుడు, అది మా పనిలో ఒక ముక్కనే చూపించిందని వాళ్లే ప్రకటన ఇచ్చారు.

మన తెలుగు చిన్నపత్రికల తిప్పలు ఇంకో రకం. యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లోనే, తెలుగుకి చోటు దొరికింది. అయినా మన పత్రికలు చాలాకాలం అను ఫాంట్లలోనే పేజీలు కట్టాయి. ఆ ఫైళ్లలోంచి ఒక పేరా తీసి అతికిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలొస్తాయి. అందుకని బొమ్మల్లాగా స్కాన్ చేసి పెడతారు. బొమ్మలో 'చుండూరు' అని వెతికితే దొరకదు. చూపులేని విద్యార్థికి ఫోను దాన్ని చదివి వినిపించలేదు. చిన్న తెర మీద వత్తులు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటాయి. సైటుకి రంగులేసే డబ్బులో సగం ఆ పాత సంచికల్ని మళ్లీ టైపు కొట్టించడానికి పెడితే ఎంత మేలు! (టైపు కొట్టిన పిల్లల పేర్లు కూడా వెయ్యాలి. ఎప్పుడూ వెయ్యరు.)

కొత్త రూపం వద్దని మేం అనడంలేదు. ఒక్కో కేసుకి ఒక్కో పేజీ ఉండాలి, అందులో ఎఫ్.ఐ.ఆర్., నివేదిక, తీర్పు, పాట, సాక్షి మాట అన్నీ తేదీల వరసలో ఉండాలి. ఫొటోలు లేకుండా కూడా ఆ పేజీ తెరుచుకోవాలి. చదవడం రానివాళ్లకి వినే వీలుండాలి. నమూనా తయారైనాక దాన్ని ముందుగా చూడాల్సింది ఆఫీసులో కాదు, చుండూరు వాడలో, అక్కడివాళ్ల ఫోన్ల మీద.