నిస్తంత్రీ జాలముల అనుకరణము: ప్రామాణ్య విమర్శ

నిస్తంత్రీ జాలమున వార్తలెట్లు సంచరించునో కంప్యూటరునందే అనుకరించి చూపు సాఫ్ట్‌వేరునకు సిమ్యులేటరని పేరు. నూరు రేడియోలను బయట నెలకొల్పుట వ్యయప్రయాసల పని. తెరమీద నెలకొల్పుట సులభము. కావుననే పరిశోధకులు దీని నాశ్రయించుచున్నారు. అయితే సౌలభ్యము ప్రామాణ్యము కానేరదు.

2002లో కావిన్, సాసన్, షీపర్ అను స్విట్జర్లాండు పరిశోధకులు ఒకే సరళమైన ప్రసారవిధానమును ఆప్‌నెట్, ఎన్‌ఎస్-2, గ్లోమోసిమ్ అను మూడు సిమ్యులేటర్లలో పరీక్షించిరి. ఫలితములు అంకెలలోనే గాక పోకడలోను భిన్నించెను. మూడింటిలో దేనిని నమ్మవలెను?

దోషము లెక్కలలో కంటె ఊహలయందే హెచ్చు. నేల చదును, ప్రసారపరిధి వృత్తము, రేడియోలన్నియు సమానశక్తి కలవి, ఒకటి రెండవదానిని వినగల్గిన రెండవదియు మొదటిదానిని వినగల్గును అనునట్టివి పెక్కు నమూనాలకు పునాదులు. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలకు చెందిన కాట్జ్ బృందము 2004లో ఆరుబయలు ప్రయోగముతో ఇవి నిలువవని చూపెను.

మరియొక లోపము పరిశోధకులదే. 2000 నుండి 2005 వరకు మొబిహాక్ సదస్సున వెలువడిన 151 పత్రములలో 114 అనుకరణమును వాడినవి. కర్కోవ్‌స్కీ, క్యాంప్, కొలాగ్రాసో అనువారు ఆ పత్రములను పరిశీలించి, మరల చేసి చూచుటకు వీలైనవి 15 శాతమునకు లోపేయని తేల్చిరి. పరులు సరిచూడ వీలులేని ప్రయోగమునకు శాస్త్రమున విలువ యెంత?

అట్లని అనుకరణమును త్యజింపరాదు. పలు విధానములను ఒకే నియమముల క్రింద పోల్చుటకు అది మంచి సాధనము. కాని ఊహలను, ఎంచుకొనిన విలువలను పత్రమున ప్రకటింపవలెను. ఫలితములను క్షేత్రమున సరిచూడవలెను. వరదలలో సహాయక బృందముల చేతికి పోవలసిన రేడియోకు తెరమీది గెలుపు చాలదు.