అలమారులో ప్రయోగశాల, చేలో విత్తనం

మార్కస్ వోల్సన్ ‘బయోపంక్’ గ్రంథాన్ని నరసరావుపేటలో నా శిష్యుడొకడు తెచ్చి యిచ్చాడు. “జీవశాస్త్రం యిక కంపెనీల సొత్తు కాదు మాస్టారూ, ఎవరింట్లో వాళ్లు చేసుకోవచ్చునటండీ” అన్నాడు. 2011లో అమెరికాలో వెలువడిన పుస్తకం. ఇష్టంగానే చదివాను.

ఇందులో నన్ను పట్టి నిలిపినది కే ఆల్ అనే యువతి కథ. ఆమె తండ్రికి ఒంట్లో ఇనుము పేరుకుపోయే వంశపారంపర్య వ్యాధి. ఆ జన్యులోపం తనకూ సంక్రమించిందేమో తెలుసుకోవడానికి ఆమె యింటి అలమారులోనే ప్రయోగశాల అమర్చుకుని పరీక్ష చేసుకున్నది. ఇది చదివి సంతోషించనివాడికి శాస్త్రం మీద ప్రేమ లేదనే అంటాను. అయితే ఆమె ఎం.ఐ.టి. పట్టభద్రురాలు. అలమారు ఆమెదే గాని, చేతి నేర్పు మహావిద్యాలయం యిచ్చినది. రచయిత దృష్టి వ్యక్తి సాహసం మీద నిలిచినంతగా ఈ పెట్టుబడి మీద నిలవలేదు. డి.ఎన్.ఎ.ను కత్తిరించే ఎంజైములను సున్నకు 20 డిగ్రీల దిగువన దాచాలి. వేసవిలో కరెంటు పోతే మా యింట్లో పాలే నిలవవు!

ఇంతకూ పల్నాటి రైతుకు ఈ శాస్త్రం కొత్తదా? 2002లో అనుమతి పొందిన బి.టి. పత్తిలో, నేలలో వుండే సూక్ష్మజీవి జన్యువు కాయతొలుచు పురుగును చంపే విషాన్ని మొక్కచేతనే చేయిస్తుంది. ఆ జన్యువుకు కంపెనీ పుచ్చుకునే రుసుము అన్యాయమని 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వ్యాజ్యమాడింది. ఆ యేడే 450 గ్రాముల పొట్లం ధర 750 రూపాయలకు దిగింది. దించినది అలమారు మేధావి కాదు, రైతుల ఒత్తిడీ ప్రభుత్వ జోక్యమూను.

కట్టుబాట్లు లేని జీవశాస్త్రాన్నీ మనం చూశాం. కలుపుమందును తట్టుకునే పత్తి అనుమతి లేకుండానే 2017లో తెలుగు రాష్ట్రాల చేలల్లో బయటపడింది. దానికి బిల్లుండదు, పంట పోతే పరిహారం అడగడానికి కాగితం ముక్క వుండదు. స్వేచ్ఛ అమ్మినవాడిది, నష్టం నాటినవాడిది. ‘బయోపంక్’ వీరులకు ఈ రైతు ఎదురుపడడు.

పుస్తకం తిరిగి యిస్తూ శిష్యుడికి ఇదంతా చెప్పాను. మనదేశంలో 1989 నాటి నియమాల ప్రకారం అనుమతి లేకుండా జన్యుమార్పిడి జీవిని తయారుచేయరాదు. కాని గింజలో ఏమున్నదో చూడడానికి అడ్డేమిటి? నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ బి.టి.ని పసిగట్టే పరీక్షా సామగ్రి ఎప్పుడో తయారుచేసింది. ఆకు నలిపి, ద్రవంలో కలిపి, పట్టీ ముంచితే నిమిషాల్లో గీత తేలుతుంది. కాలేజీ బల్ల చాలు.

అతడు కాస్త నిరుత్సాహపడ్డాడు. తరువాత, మాచర్ల వైపు చుట్టాలు కొన్న విడిగింజలు తొట్టిలో మొలకెత్తించి ఆకులు తెస్తానన్నాడు.