రివెలిన్ లోయలో ఈగల లెక్క

ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ నగరాన్ని ఆనుకుని రివెలిన్ అనే చిన్న ఏరు పారుతుంది. ఒకప్పుడు దాని నీటితో ఇరవై దాకా చక్రాలు తిరిగేవి. కత్తులకు సాన పట్టిన లోయ అది. మిల్లులు పోయాయి. వాటికి నీరందించిన చెరువులు మాత్రం కొన్ని పూడిపోతూ, కొన్ని చెట్ల మధ్య నిండుగా మిగిలాయి. మార్చిలో చలి ఇంకా వదలకముందే సాలో అనే విల్లో చెట్లు పసుపుపచ్చగా పూస్తాయి. ఈగల్ని నమోదు చేసేవాళ్లకు ఆ పూల కిందే ఏడాది మొదలవుతుంది.

వాళ్లు వెతికేది హోవర్‌ఫ్లైలను. కందిరీగ చారలో, తేనెటీగ రంగో తెచ్చుకుని పక్షుల్ని ఏమార్చే ఈగలివి. కుట్టవు. గాలిలో ఒకేచోట నిలబడి, తటాలున పక్కకు తప్పుకుని, మళ్లీ అదే చోటికి వస్తాయి. తేనెటీగకు నాలుగు రెక్కలు, వీటికి రెండే. వెనక రెక్కల చోట గుండుసూది తలల్లాంటి బుడిపెలుంటాయి. బ్రిటన్‌లో 280కి పైగా జాతులున్నాయి.

పనితనమంతా చూడటంలో ఉంది. వాన వెలిసి ఎండ తగిలిన ఆకుల మీద ఇవి వెచ్చబెట్టుకుంటూ కూర్చుంటాయి. మన నీడ పడిందా, ఎగిరిపోతాయి. అందుకే సూర్యుడికి ఎదురుగా, వంగి, నెమ్మదిగా దగ్గరికి వెళ్లాలి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం ఒకటి ఫొటో తీయాలి. కళ్లు నడినెత్తిన కలిస్తే చాలావరకు మగది, మధ్య ఎడముంటే ఆడది. వసంతం మొదట్లో కనిపించే ఎరిస్టాలిస్ టెనాక్స్, ఎరిస్టాలిస్ పెర్టినాక్స్ రెండూ తేనెటీగను పోలినవే. ముందుకాళ్ల పాదాలు పసుపుగా ఉంటే పెర్టినాక్స్. కళ్ల మీద నిలువుగా నల్లటి వెంట్రుకల చార కనిపిస్తే టెనాక్స్. చిలోసియా అనే నల్ల ఈగలైతే చాలావాటిని సూక్ష్మదర్శిని లేకుండా తేల్చలేం. అలాంటప్పుడు ‘చిలోసియా, జాతి తేలలేదు’ అని రాసి ఊరుకునేవాళ్లంటే నాకు గౌరవం. ఊహించి రాసిన పేరు, ఆ జాతి ఎక్కడెక్కడ ఉందో చూపే పటంలో లేని చుక్కను పుట్టిస్తుంది. దాన్ని తర్వాత చెరపడం చాలా కష్టం.

నమోదుకు కావలసినవి నాలుగే: ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు. ‘ఎక్కడ’ అంటే లోయ పేరు సరిపోదు. పటంలోని ఆరంకెల గ్రిడ్ సంఖ్య మనల్ని వంద మీటర్ల చదరంలో నిలబెడుతుంది. ఈగతోపాటు అది వాలిన పువ్వునూ రాయాలి. ఏప్రిల్ చివర బ్లూబెల్ పూల లోతులోకి పొడుగాటి ముక్కు దూర్చే రింజియా కాంపెస్ట్రిస్‌నే తీసుకోండి. దాని పిల్లపురుగులు ఆవుపేడలో పెరుగుతాయి. అడవి పువ్వు మీద ఆ ఈగ కనిపించిందంటే చుట్టుపక్కల పశువులు మేస్తూ ఉండవచ్చన్నమాట. అడవి, బీడు, మంద ఒక్క వాక్యంలోకి వచ్చేస్తాయి. ఆ దారిలోనే ఆరెంజ్‌టిప్ సీతాకోకచిలుక, ఏటిరాళ్ల మీద తలాడించే డిప్పర్ పిట్ట, అడవి వెల్లుల్లి మొదటి పువ్వు కూడా పుస్తకంలోకి ఎక్కుతాయి.

ఈ అలవాటు అక్కడ పాతది. నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ 1736లో వసంత సూచనలు రాయడం మొదలుపెడితే, ఆయన వంశం వాళ్లు 1958 దాకా కొనసాగించారు. షెఫీల్డ్‌లో సోర్బీ ప్రకృతి శాస్త్ర సంఘం 1918 నుంచి ఉంది. హోవర్‌ఫ్లైల కోసం దేశవ్యాప్త నమోదు పథకం 1976లో మొదలైంది. పంపిన ప్రతి పేరునూ తెలిసినవాళ్లు పరిశీలించాకే లెక్కలోకి తీసుకుంటారు.

అరుదైన జాతి కోసం పరుగెత్తడం కన్నా ఒకే చోటికి పదేపదే వెళ్లడమే గొప్పదని నా నమ్మకం. లెస్టర్‌లో జెన్నిఫర్ ఓవెన్ అనే శాస్త్రవేత్త తన పెరటిలోనే 1972 నుంచి 2001 దాకా, మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో బాధపడుతూ కూడా, 2,673 జాతుల జీవుల్ని నమోదు చేశారు. వాటిలో హోవర్‌ఫ్లైలే 94. మామూలు ఊరి ఇంటి పెరడది. ముప్పై ఏళ్లు వదలకుండా చూడటం వల్లే ఏది తగ్గిందో, ఏది పెరిగిందో ఆమెకు చెప్పడానికి వీలైంది. ఏ జాతీ కనిపించని రోజును కూడా వాతావరణంతో సహా రాసిపెట్టాలనేది ఇందుకే.

ఇంత చిన్న ఈగ లెక్క ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నారింజ రంగు పొట్ట మీద జంట నల్లచారలుండే ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ సముద్రం దాటి వలస వస్తుంది. ఇలాంటి హోవర్‌ఫ్లైలు ఏటా 400 కోట్ల దాకా దక్షిణ బ్రిటన్ మీదుగా రాకపోకలు సాగిస్తాయని 2019లో వెలువడిన రాడార్ పరిశోధన తేల్చింది. వీటిలో ఎదిగినవి పూలకు పరాగం మోస్తాయి, పిల్లపురుగులు పేనుబంకను తింటాయి.

ఈ పేనుబంక దగ్గర మనకూ చుట్టరికం కలుస్తుంది. మన వ్యవసాయ పత్రికల మిత్రపురుగుల జాబితాలో అక్షింతల పురుగు పక్కన కనిపించే సిర్ఫిడ్ ఈగ ఈ కుటుంబానిదే. భారతదేశపు సిర్ఫిడ్ ఈగల మీద బ్రునెట్టి అనే కీటక శాస్త్రజ్ఞుడు రాసిన సంపుటం 1923లోనే వచ్చింది. అలసంద తీగ మీద పేనుబంక గుంపులో కాళ్లులేని మెత్తటి పురుగొకటి మెల్లగా పాకుతూ ఉంటే, అదే ఈ ఈగ పిల్ల. తేదీ, ఊరు, పైరు పేరు రాసి ఫొటో పెట్టుకుంటే అదీ నమోదే. పురుగుమందు కొట్టక ముందు రాసుకుంటే మరీ మంచిది. కొట్టాక పేనుబంకతోపాటు అదీ పోతుంది, అక్కడ ఉండేదని చెప్పడానికి ఏ ఆధారమూ మిగలదు.