గంట పాఠానికి ముందు

శాస్త్రవేత్త మైకేల్ ఫారడే పుస్తకాలకు బైండింగ్ చేసే పని నేర్చుకుంటున్న రోజుల్లో, 1812లో, లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఇచ్చిన నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా రాసి, బొమ్మలు వేసి, స్వయంగా బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది అక్కడే సహాయకుడిగా చేరాడు. ఆ 1813లోనే బెంజమిన్ ఆబట్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరాల్లో మంచి ఉపన్యాసం లక్షణాలు చర్చించాడు: హాల్లో గాలి ఆడాలి, పరికరాలు అందరికీ కనపడాలి, గంట దాటితే వినేవాళ్లు అలిసిపోతారు. వక్తగా ఆయన మొదటిసారి నిలబడింది 1816లో. అంటే ఉపన్యాస కళను ఆయన శ్రోతల బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాడు.

పేరు వచ్చాకా ఆ శ్రద్ధ తగ్గలేదు. మాట తీరు సరిదిద్దుకోవడానికి పాఠాలు చెప్పించుకున్నాడు. వేగం పెరిగితే హెచ్చరించడానికి ‘నెమ్మది’ అని, గంట ముగియబోతుంటే ‘సమయం’ అని రాసిన కార్డులను సహాయకుడు ఆయన ముందు పెట్టేవాడు. ఇవాళ యూనివర్సిటీలో పాఠం చెప్పబోయే ప్రతి అధ్యాపకుడూ ఫారడే నుంచి తీసుకోవలసింది ఇదే. సబ్జెక్టు చదువుకోవడం తయారీలో సగమే. వినేవాడి చోట కూర్చుని ఆ పాఠాన్ని ముందే ఒకసారి వినడం మిగతా సగం.

ఆ రెండో సగం ఎలా సాగుతుందో అర్థశాస్త్రం పాఠంతో చూద్దాం. అంశం డిమాండ్ వ్యాకోచత్వం, అంటే ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందో చెప్పే కొలత. సిలబస్‌లో నిర్వచనం, సూత్రం, ఐదు రకాలు, రేఖాచిత్రాలు, నిర్ణయించే కారకాలు అన్నీ ఉంటాయి. వాటిని వరుసగా స్లైడ్లకు ఎక్కిస్తే పాఠం తయారైనట్టు కనిపిస్తుంది. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో అప్పగిస్తారు. కానీ తయారీ మొదలవ్వాల్సింది ఇంకో చోట: గంట తర్వాత విద్యార్థి ఇంతకుముందు చేయలేని ఏ పని చేయగలగాలి? ఇక్కడ జవాబు స్పష్టమే. ధర మారితే అమ్మేవాడి రాబడి పెరుగుతుందో తగ్గుతుందో విద్యార్థి చెప్పగలగాలి. ఈ ఒక్క వాక్యం కాగితం మీద పెట్టుకుంటే ఏది ఉంచాలో, ఏది పుస్తకానికి వదిలేయాలో తేలిపోతుంది. ఐదు రకాల పట్టిక ఇంట్లో చదువుకోవచ్చు. రాబడి లెక్క మాత్రం తరగతిలోనే జరగాలి.

తర్వాత ప్రశ్న వెతకాలి. మదనపల్లె మార్కెట్‌కు ఒక రైతు మామూలుగా 100 పెట్టెల టమాటా తెస్తాడనీ, పెట్టె 300 రూపాయలు పలుకుతుందనీ అనుకుందాం. ఈసారి అందరికీ పంట విరగకాసింది, అతను 150 పెట్టెలు తెచ్చాడు. అతని చేతికి ఎక్కువ డబ్బు వస్తుందా, తక్కువా? చాలామంది ఎక్కువనే అంటారు. పెట్టె ధర 150 రూపాయలకు పడిపోయిందని చెప్పి లెక్క వేయిస్తే 30,000 కాస్తా 22,500 అవుతుంది. ఎందుకిలా అని వాళ్లే అడుగుతారు. టమాటా చవకైనంత మాత్రాన ఇంట్లో కూర రెండింతలు వండం కదా. నిర్వచనం చెప్పాల్సిన క్షణం అదే, ఎందుకంటే ఇప్పుడు దాని అవసరం పడింది.

ఆపైన నిమిషాల లెక్క. యాభై నిమిషాల పీరియడ్‌లో ప్రశ్నకు పది, లెక్కకు పదిహేను, సూత్రానికి పదిహేను ఇస్తే సందేహాలకు పది మిగులుతాయి. సమయం చాలకపోతే ఏ భాగం వదలాలో ముందే గుర్తుపెట్టుకోవాలి. బోర్డును కూడా ఇంట్లోనే కాగితం మీద గీసుకోవాలి. ఎడమవైపు ప్రశ్న చివరిదాకా చెరపకుండా ఉండాలి, లెక్కలు కుడివైపు సాగాలి. చివరగా, పాఠాన్ని ఒకసారి గొంతెత్తి చెప్పుకోవాలి. కంటితో చదివినప్పుడు సాఫీగా ఉన్న వాక్యం నోట్లో ఎక్కడ తడబడుతుందో అప్పుడే తెలుస్తుంది.

ఇంత చేసినా ఒక లోటు ఉండిపోవచ్చు. 1961 నుంచి 1963 వరకు అమెరికాలోని కాల్‌టెక్‌లో రిచర్డ్ ఫైన్‌మన్ వారానికి రెండుసార్లు సుమారు 180 మంది విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పాడు. ఆ పాఠాలు పుస్తకాలయ్యాయి, ప్రపంచమంతా వాటిని చదివింది. అయినా ముందుమాటలో ఆయన, విద్యార్థులకు ఎంత అందిందో పాఠం చెబుతున్నప్పుడు తనకు తెలిసే దారి లేకపోయిందని రాశాడు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్‌కు అదే లోటు మరోలా ఎదురైంది. విద్యార్థులు మెచ్చిన అధ్యాపకుడాయన. మౌలిక భావనలపై పరీక్ష పెడితే విద్యార్థుల్లో ఒకరు, మీరు నేర్పినట్టు రాయాలా, నేను అనుకుంటున్నట్టు రాయాలా అని అడిగారు. 1990ల మొదట్లో ఆయన పద్ధతి మార్చాడు. కాసేపు చెప్పడం, ఒక ప్రశ్న వేయడం, అందరిచేతా జవాబు ఎంపిక చేయించడం, పక్కవాళ్లతో వాదించమనడం, మళ్లీ ఎంచుకోమనడం. సరైన జవాబు మొదట 30 నుంచి 70 శాతం మందికి తడితే ఆ చర్చ బాగా ఫలిస్తుంది.

ఇది ఒక్కరి అనుభవం కాదు. సైన్స్, ఇంజినీరింగ్, గణిత కోర్సులపై జరిగిన 225 అధ్యయనాలను 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం కలిపి చూసింది. ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో సుమారు 34 శాతం తప్పారు, విద్యార్థుల చేత పని చేయించిన తరగతుల్లో 22 శాతం. కాబట్టి తయారీలో నోట్సు ఎంత ముఖ్యమో రెండు మూడు మంచి ప్రశ్నలూ అంతే ముఖ్యం. టమాటా రైతు ప్రశ్న అలాంటిదే.

మన తరగతుల్లో ఈ శ్రద్ధ ఇంకా అవసరం. ఇంటర్ వరకు తెలుగులో చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషు ఉపన్యాసాల్లో పడే పిల్లలున్నారు. వాళ్లకు కష్టం చాలాసార్లు భావనతో కాదు, వాక్యంతో. ఏ పదాలు కొత్తవో ముందే జాబితా రాసుకుని, ఒక్కోదాన్ని వాళ్లకు తెలిసిన మాటతో కలిపి చెప్పి, ప్రశ్నను తెలుగులోనూ వేస్తే వెనక బెంచీ నుంచీ చెయ్యి లేస్తుంది. దీనివల్ల పాఠం స్థాయి తగ్గిపోదు. గదిలో ఉన్న అందరికీ అది చేరుతుంది.

మంచి వీడియోలు, పుస్తకాలు ఇవాళ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. సమాచారం కోసమే అయితే తరగతికి రానక్కర్లేదు. ఎదురుగా ఉన్న అరవై మందిలో ఎవరు ఎక్కడ ఆగిపోయారో చూసి, అక్కడికక్కడ దారి మార్చగలిగేది మాత్రం ఆ గదిలో ఉన్న అధ్యాపకుడే. ముందురోజు సాయంత్రం కూర్చుని ఆలోచించినవాడికే ఆ సావకాశం ఉంటుంది. తయారై రానివాడు తన నోట్సు వెతుక్కుంటాడు, తయారై వచ్చినవాడు విద్యార్థుల ముఖాలు చూడగలుగుతాడు.